ఊరికే చప్పుడు

జూలై 6, ఆదివారం

ఈ పుస్తకం నాది కాదు, ఆయన చెవులది.

నిన్న భద్రాచలం దవాఖానాలో చెవుల శిబిరం పెట్టారు. ఆయన రెండు చెవులకూ మిషన్లు ఇచ్చారు. వాటిని బిగించిన సుజన మేడం ఈ నోట్‌బుక్ నా చేతిలో పెట్టి, ఇంట్లో చదువుకున్నది మీరేనటగా, రోజూ రాయండి అన్నారు. ప్రతి పేజీకీ మూడు గళ్లు గీసి ఉన్నాయి. సమయం. శబ్దం. విన్నారా. నెల తర్వాత అది చూసి మిషన్లు సరిచేస్తారట.

ముందు పేజీలు మేడంకు. వెనక పేజీలకు గళ్లు లేవు, అవి నాకు. ఏడో తరగతి తర్వాత సరుకుల చీటీ తప్ప నేనేమీ రాయలేదు. రాస్తుంటే బాగుంది. నా నోటికంటే నా చేతికి సిగ్గు తక్కువ.

ఆయనకు మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి చెవులు సగం పోయాయి. లావు శబ్దాలు తెలుస్తాయి, సన్నవి తెలియవు. లారీ వస్తే తెలుస్తుంది, సైకిల్ బెల్లు తెలియదు. మాటల్లో కూడా కొన్ని అక్షరాలు అందవు. స అసలే అందదు. చెవికి అందని అక్షరం నోటికి రాదు కదా. పెళ్లి ప్రమాణంలో హెప్సిబా అని నా పేరు చెప్పమంటే మైకులో హెప్పిబా అన్నారు. చర్చి అంతా నవ్వింది. ఆ తర్వాత అది హ్యాపీ అయింది. ఇప్పుడు ఆయనకు నేను హ్యాపీనే.

తర్వాత నా వంతు. నేనూ ఆయన పేరు చెప్పాలి. మా అమ్మ నాన్న పేరు ఎప్పుడూ పలకలేదు. మా ఊరు పినపాకలో రేషన్ షాపు దగ్గర పేరు అడిగితే నన్ను ముందుకు తోసేది. నేనూ అలాగే పెరిగాను. ఆరోజు పెదాలు కదిపాను. మైకుకు కూడా అందలేదు. పాస్టర్ గారు అందినట్టే తల ఊపి ముందుకు వెళ్లిపోయారు.

జూలై 7, సోమవారం

ఈ రోజు డిపోకు మిషన్లు పెట్టుకుని వెళ్లారు.

అసలు సంగతి రాయాలి. సారపాకలో రేకుల గదిలో కిరాయికి ఉంటాం. ఆయన, నేను, అత్తమ్మ. ఆయన జామాయిల్ కర్ర డిపోలో లోడింగ్ బ్యాచ్‌లో ఉండేవారు. జూన్‌లో ఒకరోజు లారీ మీద నుంచి కర్ర జారింది. జరుగు జరుగు అని అందరూ అరిచారు. ఆయన వీపు అటు ఉంది. సోమ్లా అన్న కాలర్ పట్టి లాగకపోతే... ఆ వాక్యం పూర్తి చేయను.

మర్నాటి నుంచి ఆయనను లోడింగ్ నుంచి తీసి బెరడు ఊడ్చే పనిలో పెట్టారు. అది ఆడవాళ్లు, ముసలివాళ్లు చేసే పని. సూపర్‌వైజర్ సవరయ్య గారు చెడ్డమనిషేం కాదు. చెవి మిషన్ పెట్టుకొని రా తమ్మీ, ఆగస్టు రెండున పరీక్ష పెడత, గ్రాబర్ నడుస్తుండంగ ఎనక నుంచి పదిసార్లు పిలుస్త, ఎనిమిదిసార్లు తిరిగితే మళ్ల లోడింగ్, లేకుంటే ఇంక నాతోని కాదు అన్నారట. గ్రాబర్ అంటే లారీలో నుంచి కర్రలను పిడికిట పట్టి ఎత్తే మిషన్. దాని మోత రోడ్డు మీదికి వినబడుతుంది.

డిపో పోతే తిరుమలాయపాలెం వెళ్లి ఆయన అన్న చేలో పని చేయాలి. అక్కడ తిండికి లోటు లేదు. కానీ ఆ ఊళ్లో ఆయనను ఎవరూ పేరుతో పిలవరు. చిన్నప్పటి నుంచి చెవిటోడే. చెవిటోడు వచ్చిండు. చెవిటోనికి అన్నం పెట్టుండ్రి. గీమె చెవిటోని పెండ్లాం. పెళ్లైన కొత్తలో నాలుగు నెలలు విన్నాను. ఆయనకు వినబడదని వాళ్ల ధైర్యం. పెదాలు చూస్తే ఆయనకు అన్నీ తెలుస్తాయి.

సారపాక వచ్చాకే, డిపో హాజరు పుస్తకంలో ఆయనకు పేరు దొరికింది. అందుకని మేం వెనక్కి పోము. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాశాను కాబట్టి ఇక మార్చను.

జూలై 8, మంగళవారం

ముందు పేజీ నిండిపోయింది. పొద్దున తాలింపులో ఆవాలు చిటపటమంటే ఆయన ఉలిక్కిపడి పొయ్యి దగ్గరికి వచ్చారు. టీ గ్లాసులో పోస్తుంటే వంగి విన్నారు. బల్లి అరిచింది, అదెవరు అని అడిగారు. సాయంత్రం వాన మొదలైతే రేకుల కింద నిలబడి తల పైకెత్తి నవ్వారు. కాసేపటికి నవ్వు తగ్గింది. వాన ఆగిందా అన్నారు. ఆగలేదు, దంచుతోంది. మిషనే తగ్గించింది. వాన మోత ఒక్క తీరుగా ఉంటుంది కాబట్టి అది పనికిరాని చప్పుడని మిషన్ తెలుసుకుంటుందట, మేడం చెప్పారు.

అత్తమ్మ మాట్లాడితే ఆయన చెవులు మూసుకున్నారు. అత్తమ్మ హాస్టల్‌లో మూడొందల మందికి వండుతుంది. ఆ గొంతే ఇంటికీ తెస్తుంది. ఇరవై ఐదేండ్లు నీకోసమే అరిచిన, ఇప్పుడు చెవులు మూస్తవారా అని నవ్వింది. ఆ తర్వాత బయటికి వెళ్లి చాలాసేపు బట్టలు పిండింది. పిండాల్సిన బట్టలు ఏవీ లేవు.

జూలై 9, బుధవారం

పీట తట్టాను. తిరగలేదు.

జూలై 10, గురువారం

మళ్లీ తట్టాను. తిరగలేదు. గాజులు కదిపాను. గొంతు సవరించాను. తిరగలేదు.

ఇది మేడం గళ్లలో రాయలేదు. ఎందుకు రాయలేదో ఇక్కడ రాస్తాను.

పెళ్లైనప్పటి నుంచి నేను ఆయనను నోటితో పిలవలేదు. కూర్చునే చెక్కపీట ఒక అంచు ఎత్తి నేలకు తడతాను. రెండు దెబ్బలంటే ఇటు రండి. మూడంటే అన్నం. పీటను గీరితే గుమ్మంలో ఎవరో వచ్చారు. అది లావు శబ్దం, ఆయన చెవికి అందుతుంది. ఒకసారి కూడా తప్పలేదు. చాటుగా మాట్లాడుకునే భాష మా ఇద్దరికీ ఉందనుకునేదాన్ని.

శిబిరానికి వచ్చేటప్పుడు ఇంట్లో చప్పుళ్లు ఫోన్‌లో రికార్డు చేసి తెమ్మన్నారు. తెచ్చాను. బెంచీల మీద ఇరవై మంది కూర్చున్న గదిలో మేడం అది పెద్దగా పెట్టి, నాకు కాగితం ఇచ్చి, ఆయన వినాల్సినవాటికి టిక్ పెట్టండి, వద్దనుకున్నవాటికి ఇంటూ పెట్టండి అన్నారు. అత్తమ్మ గొంతు, టిక్. ఫ్యాను, ఇంటూ. కుక్కర్ విజిల్, టిక్. అప్పుడు పీట. టక్ టక్. ఇదేంటమ్మా అన్నారు మేడం. అందరూ నా వైపు చూశారు. మొగుణ్ని నేను ఇలా పిలుస్తానని వాళ్ల ముందు ఎలా చెప్పను?

ఊరికే చప్పుడు అన్నాను. ఇంటూ పెట్టాను.

గాజులు, ఇంటూ. గొంతు సవరింపు, ఇంటూ.

నన్ను నేనే కొట్టేసి వచ్చాను.

జూలై 12, శనివారం

ఈ రెండు రోజులూ ఆయన భోజనానికి అత్తమ్మ పిలిస్తేనే వచ్చారు. నిన్న సాయంత్రం నా ఎదురుగా కూర్చుని, హ్యాపీ, నా మీద కోపమా, నన్ను పిలుస్తలేవు అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. తల ఊపితే ఏం తెలుస్తుంది? కోపం లేదనా, చెప్పననా?

ఈ రోజు మేడంకు ఫోన్ చేశాను. నాలుగుసార్లు నంబరు నొక్కి కట్ చేసి, ఐదోసారి చేశాను. మేడం రెండుసార్లు హలో అన్నాక నా గొంతు వచ్చింది. ఇంటూల సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. తప్పు మీది కాదు, మనిషిని మనిషి ఎలా పిలుస్తారో అందరిలో అడిగిన నాది అన్నారు.

అప్పుడు వివరంగా చెప్పారు. మిషన్ ప్రతి క్షణం ఒకటే ప్రశ్న వేసుకుంటుందట. ఇది మాటా, చప్పుడా? మాటకు ఎత్తూ పల్లం ఉంటాయి, మధ్యలో ఊపిరి ఉంటుంది. అలాంటిది వస్తే పెంచుతుంది. ఒక్క తీరుగా మోగేదాన్ని తగ్గిస్తుంది. ఠప్పున పడేదాని తల నరుకుతుంది. నా పీట ఠప్పున పడేది. చెవిని మూసేలా అచ్చు పోసి పెట్టారు కాబట్టి మిషన్ వదలనిది లోపలికి పోదు.

రండి, ఐదు నిమిషాల్లో మార్చేస్తాను, పీట వినబడుతుంది అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడే మేడం ఇంకో మాట అన్నారు. కానీ డిపోలో కర్ర పడే ప్రతి దెబ్బా అంతే గట్టిగా తగులుతుంది, దాని కింద మనిషి గొంతు పోతుంది, పరీక్ష ఉందన్నారుగా, మీరే ఆలోచించండి.

ఆలోచించడానికేముంది. మార్చవద్దు మేడం అన్నాను.

పీటను మంచం కిందికి తోసేశాను.

జూలై 14, సోమవారం

మేడం చెప్పిన ప్రాక్టీసు: ఆయన గోడ వైపు తిరిగి కూర్చోవాలి. ఫోన్‌లో మోత పెట్టాలి. నేను ఆరడుగులు వెనక నిలబడి మాట అనాలి. పది మాటలు. తిరిగితే టిక్.

మోత కోసం ఫోన్ అక్కర్లేదు, వాన ఉంది.

అన్నం అన్నాను. నీళ్లు అన్నాను. చొక్కా, తలుపు, దీపం. ఆయన గోడనే చూస్తున్నారు. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న అత్తమ్మ, ఏందే ఎప్సీ, నువ్వు పిలుస్తున్నవా, నీలో నువ్వు ప్రార్థన చేసుకుంటున్నవా అంది.

పదికి రెండు.

జూలై 16, బుధవారం

మూడు.

అత్తమ్మను పిలవమన్నాను. అత్తమ్మ ఒక్కసారి అరిస్తే పక్కింటి కుక్క లేచింది. ఆయన తిరిగారు. అత్తమ్మే తల ఊపి, నా గొంతుకు ఎవడన్న తిరుగుతడు, నేను పిలుస్తే గది పరీక్ష కాదు, సర్టిఫికెట్ అంది. నిజమే. సవరయ్య గారి గొంతు బొంగురు, చిన్నది. చిన్న గొంతుకు తిరగడం నేర్చుకోవాలి. ఇంట్లో చిన్న గొంతు నాదే.

మేడంకు ఫోన్ చేస్తే ఈసారి రెండోసారికే మాట్లాడాను. ఏం మాటలు అంటున్నారు అని అడిగారు. చెప్పాను. అన్నం, నీళ్లు ఎందుకమ్మా, పేరు పెట్టి పిలవండి, ఎంత మోతలోనైనా మనిషి ముందు పట్టేది తన పేరే అన్నారు. పేరా అన్నాను. అవును, ఆయన పేరు అన్నారు.

అవ్ మేడం అని పెట్టేశాను.

జూలై 17, గురువారం

అన్నం, నీళ్లు, చొక్కా. మూడు.

జూలై 20, ఆదివారం

చర్చి.

ఆయన పేరు రెండు ముక్కలు. మొదటి ముక్క జయ. రెండోది రాజ్. విడివిడిగా రాస్తే రాసినట్టు కాదనుకుంటాను. చర్చిలో ఏ పాట పట్టుకున్నా అందులో ఒక ముక్క ఉంటుంది. దేవునికి జయము అంటారు, దేవుడు రాజు అంటారు. పెళ్లైనప్పటి నుంచి ఆ రెండు మాటలు వచ్చిన చోట నేను పెదాలు మూసేస్తున్నాను. నా పాటలన్నీ చిల్లులే. ఎవరూ గమనించలేదు. నా పక్కన అత్తమ్మ ఉంటుంది కాబట్టి నా చిల్లులు నిండిపోతాయి.

ఈ రోజు కూడా మూశాను. మూస్తూ ఒకటి అనుకున్నాను. ఆ మిషన్‌కూ నాకూ తేడా ఏముంది? ఏది పైకి రావాలో, ఏది నొక్కేయాలో నేనూ లోపల కూర్చుని తీర్పు చెప్తూనే ఉన్నాను.

జూలై 22, మంగళవారం

ఇంట్లో ఎవరూ లేనప్పుడు నీళ్ల బకెట్‌తో చెప్పాను. ఆయన పేరు. బకెట్ లోపలికి వంగి. ఎవరో వింటున్నారేమోనని వెనక్కి చూశాను. కోడి ఉంది.

తర్వాత ఫోన్ రికార్డర్ తీశాను. మాట్లాడితే అందులో గీత లేస్తుంది, ఊరుకుంటే చదునుగా ఉంటుంది. పేరు చెప్పాను. గీత కదలలేదు. మళ్లీ చెప్పాను. వాన పడుతోంది కదా అని, మోత తగ్గించు అని ఉన్న బటన్ నొక్కి మళ్లీ చెప్పి విన్నాను. వాన పోయింది. వానతో పాటు నేనూ పోయాను. ఏమీ లేదు. ఉత్త నిశ్శబ్దం.

ఒళ్లు మండింది. ఫోన్ మీద కాదు. నా మీద.

నిలబడి, పొట్టలో నుంచి ఊపిరి తీసి, ఇరవైసార్లు అన్నాను. పదిహేడోసారికి గీత వేలెడంత లేచింది.

జూలై 24, గురువారం

గీత బెత్తెడు లేస్తోంది. ఆయన ముందు మాత్రం ఇంకా అన్నం, నీళ్లే. నాలుగు.

జూలై 26, శనివారం

సోమ్లా అన్న వచ్చాడు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు అత్తమ్మతో డిపో కబుర్లు చెప్తూ నవ్వాడు. మీ కొడుక్కు ఏమైంది పెద్దమ్మా, అన్నం టైంల లారీ ఎనకకు పోయి ఒక్కడే ప్సి ప్సి అంటుండు, ఏంరా పిల్లిని పిలుస్తున్నవా అంటే మా మీదికే లేస్తుండు అన్నాడు. అత్తమ్మ కూడా నవ్వింది. ఆ డిపోలో పిల్లి ఎక్కడుందో నాకూ అర్థం కాలేదు.

తర్వాత నవ్వు రాని మాట చెప్పాడు. ప్రాణం మీదికి వస్తే అరుస్తారు గానీ, మామూలుగా డిపోలో ఎవరూ ఎవరినీ నోటితో పిలవరట. గ్రాబర్ మోతలో గొంతు పోతుందని అంతా ఈలే. ఒక ఈల అంటే ఆగు, రెండంటే జరుగు. ఇన్నాళ్లూ ఆయన పక్కవాళ్లను చూసి కదిలేవారట. సవరయ్య గారు పరీక్ష కూడా ఈలతోనే పెడతారట. సోమ్లా అన్న నిన్న ఆయన వెనక నిలబడి ఐదుసార్లు ఈల వేశాడు. ఒక్కసారి కూడా తిరగలేదు. పాపం, మీకు ముందే చెప్పాలని వచ్చిన చెల్లె అన్నాడు.

ఆయన స్నానం చేసి వచ్చేసరికి అందరం ఊరుకున్నాం. మా ముగ్గురి పెదాలూ చూసి ఆయన తువ్వాలు దండెం మీద ఆరేశారు.

జూలై 27, ఆదివారం

చర్చిలో జయము వదల్లేదు. పాడాను. రాజు వదిలేశాను.

జూలై 28, సోమవారం

మేడంకు ఒకే ఒక్కసారి నంబరు నొక్కాను.

ఈల సంగతి చెబితే, అయ్యో అన్నారు. మిషన్ ఒక్కోసారి తనంతట తానే కూస్తుంది, ఆ కూతను అదే పట్టి చంపుకుంటుంది. ఈల కూడా అచ్చం దాని కూతలాగే ఉంటుంది కాబట్టి దాన్నీ చంపేస్తుంది. ఆ పట్టు తీసేస్తే రోజంతా చెవిలో కూతే. ఈల వద్దని చెప్పండి, మనిషి గొంతుతో, పేరుతో పిలవమనండి అన్నారు.

ఆయనకు కాగితం మీద రాసి చూపించాను, ఒక్క అక్షరం తప్పిపోకూడదని. సవరయ్య గారితో చెప్పండి అని రాశాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను చెప్పను అన్నారు. ఈల వినబడదని నేనే చెబితే అదే పరీక్ష అయిపోతది, చెవిటోడని ఈడ కూడా మొదలుపెడతరు అన్నారు. ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను.

సరే. ఆయన చెప్పరు. అత్తమ్మ చెప్తానంది కానీ అత్తమ్మ చెప్తే అది పోట్లాట అవుతుంది.

మిగిలింది నేను.

జూలై 30, బుధవారం

పొద్దున ఆయన టిఫిన్ డబ్బా బియ్యం డబ్బా వెనక దాచాను. మరిచిపోయారని అత్తమ్మ అంటే, నేను ఇచ్చి వస్తాను అన్నాను. అత్తమ్మ నన్ను కిందికీ పైకీ చూసి, గొడుగు తీస్కపో అంది. అంతే. డబ్బాను నేనే దాచానని తెలుసుకుందనుకుంటాను.

గేటు దాటాక ఆగి చూశాను. రెండు లారీలు, గ్రాబర్, ముప్పై మంది మగవాళ్లు. జామాయిల్ బెరడు తడిసిన వాసన. దూరంగా ఆరుగురు బెరడు ఊడుస్తున్నారు. అందులో ఆయన వీపు కనబడింది.

సవరయ్య గారు గేటు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. మెడలో ఈల. దగ్గరికి వెళ్లి చెప్పాను. ఏందమ్మా అన్నారు. మళ్లీ చెప్పాను. గట్టిగ చెప్పు తల్లీ, గ్రాబర్ నడుస్తుంది అన్నారు. మూడోసారి చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఒక్క అక్షరం ఇనపడతలేదు అన్నారు. అంత సరైన చెవులున్న మనిషి.

బకెట్ గుర్తొచ్చింది. పొట్టలో నుంచి ఊపిరి తీశాను.

శనివారం పరీక్షల ఈల వెయ్యకుండ్రి, ఈలను చెవి మిషన్ చంపేస్తది, గది మిషన్ తప్పు, మనిషి తప్పు కాదు, పేరు పెట్టి పిలువుండ్రి అన్నాను.

గ్రాబర్ మోతలో చివరి మాటే అందినట్టుంది, ఎవరి పేరు అన్నారు. ఎవరి మనిషివమ్మా నువ్వు?

వేలు చూపించాను. ఆయన అటు చూసి, ఆరుగురున్నరు, ఏ మనిషి అన్నారు. నీలం చొక్కా అందామంటే ముగ్గురివి నీలం చొక్కాలే. లారీ మీద వాళ్లు పని ఆపి చూస్తున్నారు. సోమ్లా అన్న నోరు తెరిచాడు. నాకు బదులు తనే చెప్పేస్తాడని తెలిసింది. ఒక్క క్షణం అలా కానిద్దామనిపించింది.

జయరాజ్!

చెప్పాను. అరిచాను. సవరయ్య గారు కుర్చీలో వెనక్కి జరిగారు.

అరవై అడుగుల దూరంలో, గ్రాబర్ మోతలో, వీపు తిరిగి ఉన్న ఆరుగురిలో ఒకరు తిరిగారు.

చీపురు పట్టుకుని అలాగే వచ్చారు. వచ్చి సవరయ్య గారి పెదాలు చూశారు. సోమ్లా అన్న పెదాలు చూశారు. లారీ మీద వాళ్లను చూశారు. ఎవరు పిలిచిండ్రు అన్నారు. నా వైపు చూడలేదు. నేను పిలిచి ఉండవచ్చని ఆయనకు తోచనే లేదు. సోమ్లా అన్న నన్ను చూపించాడు. ఆయన నవ్వి, ఊకో సోమ్లా, నిజం చెప్పు అన్నారు.

డబ్బా చేతిలో పెట్టి వచ్చేశాను. గొడుగు అక్కడే మరిచిపోయాను.

అదే రోజు, రాత్రి 8

గొంతు కొత్తగ ఉండె, అందుకే పోల్చుకోలే అన్నారు. గోడ వైపు తిరిగి కూర్చుని, మొదలుపెట్టు అన్నారు.

వాన దంచుతోంది. పదిసార్లు పిలిచాను. అన్నం, నీళ్లు కాదు.

ఎనిమిది.

గుమ్మంలో అత్తమ్మ బియ్యం ఏరడం ఆపింది. నా కొడుక్కు గా పేరు పెట్టింది నేను, ఇన్నేండ్లకు గది ఎవరికో పనికొచ్చింది అంది.

ఆగస్టు 1, శుక్రవారం

ఎనిమిది. నా గొంతు బొంగురుపోయింది. మంచిదే, సవరయ్య గారి గొంతులాగే ఉంది. బొంగురుతో తొమ్మిది.

ఆగస్టు 2, శనివారం

పరీక్షకు నేను వెళ్లలేదు. పొయ్యి అలుకుతూ కూర్చున్నాను. అలికిన పొయ్యినే మళ్లీ అలికాను. మధ్యాహ్నం సోమ్లా అన్న గొడుగు తెచ్చిచ్చే వంకతో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

సవరయ్య గారు ఈలను జేబులో పెట్టుకుని, గ్రాబర్ ఫుల్లుగా నడిపించి, పేరుతో పిలిచారట. తొమ్మిదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లూ తిరిగారట. పదోసారి అలవాటు కొద్దీ జేబులో నుంచి ఈల తీసి ఊదేశారట. ఆయన తిరగలేదు. అందరూ సవరయ్య గారి వైపు చూశారట. గది నా తప్పు, కొట్టెయ్, అసలు పరీక్ష బుధవారమే అయిపోయింది, ఆ పిల్ల సన్న గొంతుకు తిరిగినోడు నా గొంతుకు తిరగడా అన్నారట.

సోమవారం నుంచి మళ్లీ లోడింగ్. ఆయన ఉన్న బ్యాచ్‌లో ఈల బంద్. అందరూ పేరుతోనే పిలుచుకోవాలి. సోమ్లా అన్నకు అది కొత్త కష్టం. ఆరేండ్లుగ కలిసి పని చేస్తున్నం చెల్లె, నలుగురి పేర్లు ఈ రోజే తెలిసినయ్ అన్నాడు. పోతూ పోతూ, అవుగని మీ ఆయన పిల్లి ఇంక దొరకలేదా, ఈ రోజు కూడా ప్సి ప్సి అంటుండె అన్నాడు.

ముందు పేజీలో తొమ్మిది టిక్కులు పెట్టాను. మేడంకు ఫోన్ చేసి చెప్పాను. ఫోన్ చెవికి కొంచెం దూరంగా పెట్టుకున్నానని మేడం అన్నారు. అరుస్తున్నారమ్మా అన్నారు.

ఆగస్టు 3, ఆదివారం

సమయం: పొద్దున 6.10

శబ్దం: హెప్సిబా. (వెనక నుంచి. వానలో. స ఉంది.)

విన్నారా: విన్నాను. ఇంకోసారి పిలవాలని వెంటనే తిరగలేదు.